మా గుమ్మం మీది తల్లి, మాష్టారి ప్రశ్న

మా అమ్మాయికి డాక్టరేటు వచ్చిందండీ! సూదిమందు డాక్టరు కాదు, చదువుల డాక్టరు. గ్రీకులూ రోమనులూ కొలిచిన దేవతల కథలు ఏ దారిన మన శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళదాకా వచ్చాయో, మన ఇళ్ళ గోడల మీదికి ఎలా ఎక్కాయో ఏళ్ళ తరబడి వెతికి రాసింది. విశాఖపట్నంలో ప్రొఫెసర్లు ఎదురుగా కూర్చుని అడిగినవాటికల్లా జవాబులు చెప్పి, బయటికి వచ్చీ రాగానే నాకు ఫోను చేసింది. "నానా, అయిపోనాది! ఇచ్చీసినారు!" అంది. నేను అప్పుడు కొట్లో ఎవరికో లంగా గుడ్డ కొలుస్తున్నాను. కొలిచే బద్ద చేత్తో పట్టుకునే వీధిలోకి వచ్చేశాను. ఎనిమిదో తరగతితో బడి మానేసిన నాకు ఇలాంటి బిడ్డ! నరసన్నపేట బజారంతా వినేటట్టు అరవాలనిపించింది. కొంత అరిచాను కూడా.

ఆ సంతోషం మా కొట్టు దగ్గర్నుంచి దానికి ఈ కథలన్నీ మొదట చెప్పిన మాష్టారి ఇంటిదాకా నిలిచింది. మడతకాజాలు పొట్లం కట్టించుకుని, ఎదురొచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటూ, ఎండ కూడా తెలియకుండా నడిచాను. వాళ్ళ వీధి మలుపు తిరిగేసరికి షామియానా కోసం గుంజలు పాతుతున్నారు. అరుగు మీద పెద్దమనుషులు కూర్చున్నారు. మాష్టారు ఆ ఉదయమే పోయారు.

చావింట్లోకి మిఠాయి పొట్లంతో అడుగు పెట్టకూడదు. వెనక్కి వెళ్ళాలనీ అనిపించలేదు. పొట్లం వీపు వెనక పెట్టుకుని గుమ్మం పక్కన నిలబడిపోయాను. మాష్టారి భార్యని మేమంతా అమ్మగారు అంటాం. ఆవిడ ఆయన తల దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసింది. దాచిన చెయ్యి కూడా చూసింది.

"ఏటి బాబూ అది? పాసయిపోనాదా మన పిల్ల?"

తల ఊపాను.

"పొద్దున్న కాఫీ తాగీసి, గళాసు కింద పెట్టి, 'ఈయేళే గదే దాని పరీచ్చ, ఎన్నింటికి?' అని అడిగినారు. గడియారం సూసి సెప్తానని లోపలికెళ్ళినాను. వొచ్చేసరికి మరి లేరు."

ఎనభై దాటిన మనిషి, మంచాన పడకుండా వెళ్ళారు, అదృష్టవంతుడు అని వచ్చినవాళ్ళంతా అన్నారు. నిజమే. కానీ మాష్టారు ఎన్నో ఏళ్ళుగా ఒక ప్రశ్న పట్టుకుని కూర్చున్నారు. దాని జవాబు మా అమ్మాయికి దొరికింది. డాక్టరేటు వచ్చిన రోజున, రెండు కబుర్లూ కలిపి ఆయనకి చెప్పాలని తండ్రీ కూతుళ్ళం ముచ్చటపడ్డాం. ఆ రోజు ఇదే. అందుకే నాకు సంతోషం వచ్చిన ప్రతిసారీ దాని వెనకే ఆ చావింటి గుమ్మం గుర్తొస్తోంది. మీతో చెప్పుకుంటే కాస్త బరువు దిగుతుందేమో అని రాస్తున్నాను.

ప్రశ్న అర్థం కావాలంటే ముందు మా గుమ్మం సంగతి చెప్పాలి. మాది ముందు బట్టల కొట్టు, వెనక కాపురం. మా తాత కట్టించిన ఇల్లు. వీధి గుమ్మం పైన గచ్చుతో చేసిన ఆడమనిషి బొమ్మ ఉంది. తలకి టోపీలాంటి కిరీటం, ఒక చేత పొడుగాటి కర్ర, ఇంకో చేత గుండ్రటి పళ్ళెం, కాళ్ళ దగ్గర గుడ్లగూబ. బరంపురం నుంచి వచ్చిన మేస్త్రీ చేశాడట. ఒడియావాళ్ళకి గుడ్లగూబ లక్ష్మీదేవి వాహనం. కాబట్టి మా ఇంట్లో అందరికీ ఆవిడ లక్ష్మే. కర్రని చెరుకుగడ అనుకున్నాం. పళ్ళేన్ని పసుపు పళ్ళెం అనుకున్నాం. శుక్రవారం వస్తే మా అమ్మ నిచ్చెన వేయించి బొట్టు పెట్టించేది. తొలి బేరం ఆవిడకి చూపించాకే గల్లాలో పడేది.

మాష్టారు మా ఊరి హైస్కూలుకి సోషలు చెప్పడానికి బదిలీ మీద వచ్చారు. వంశధార పక్కన వరి పండించే ఇంటి మనిషి. మొదటిసారి మా కొట్టుకి పంచెలకని వచ్చి, చెప్పులు విడుస్తూ తలెత్తి చూసి, ఒక చెప్పు కాలికే ఉండగా ఆగిపోయారు.

"సావుకారూ, ఈవిడెవరో తెలుసునేటి?"

"లచ్చిందేవి గదండీ."

"కాదు బాబూ. ఎథీనా. గ్రీకులోల దేవత. రోమోలు మినర్వా అంటారు. అది ఈటె, ఇది డాలు. సదువుకీ యుద్ధానికీ ఈవిడే. ఇంకోటుంది, సెప్తాను సూడు," అని నా వెనక ఉన్న తాన్లు చూసి పకపకా నవ్వారు. "నేతకీ ఈవిడే! గుడ్డల కొట్టుకి దొరికి దొరికి ఈ తల్లే దొరికినాదేటి!"

లోపల్నుంచి మా అమ్మ వినేసింది. ఇక చూడండి. "ఎవుడా పంతులు? మా లచ్చిందేవిని పట్టుకొని దొరల దేవతంటాడా? అయితే ఇన్నాళ్ళూ ఎవుర్తికి బొట్టెట్టినాను నాను?" అని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజుకి ఊళ్ళోని మేస్త్రీని పిలిపించింది. ఇంకో రెండు చేతులు పెట్టి, కర్ర తీసి తామరపువ్వు ఇచ్చి, ఆ టోపీని చెక్కి కిరీటం చేసెయ్యమంది. సంగతి తెలిసి మాష్టారు బడి మధ్యలో పరుగెత్తుకొచ్చారు. చేతులకి సుద్ద ఇంకా అంటుకునే ఉంది.

"అమ్మా, కాసింత ఆగండి. నోరు జారింది నాదే. ఆవిడ సేతులు మాత్రం ముట్టుకోకండి."

"ఆవిడకి మొగుడెవుడు? అది సెప్పు ముందు."

"పెళ్ళి సేసుకోలేదమ్మా."

"ఓలమ్మా! అంత సక్కని మనిషికి ఆ దేశంలో సంబంధమే కుదర్లేదేటి?"

"కుదరక్కాదు. ఆవిడే వొద్దన్నాది. మగ్గం, సదువు, ఈటె, అవి సాలన్నాది."

"మరి తల్లి ఊరుకున్నాదా?"

"తల్లి కడుపున పుట్టలేదమ్మా. తండ్రి తలకాయి పగిలి, అందులోంచి వొచ్చినాది."

మా అమ్మ కొంగు నడుముకి దోపుకుని ఆ బొమ్మ వంక చాలాసేపు చూసింది. "తల్లి లేని గుంట. పెళ్ళీ లేదు. ఎక్కడ్నించో వొచ్చి మన గుమ్మమెక్కినాది. దించేస్తే ఎక్కడికెళ్తాది? ఒరే మేస్త్రీ, దిగిపోరా," అంది. ఆ వారం నుంచి బొట్టుతో పాటు ఆ తలకి కొబ్బరినూనె కూడా రాయించేది. మాష్టారు రోజూ కొట్టులోకి వస్తూ పైకి చూసి, "తలంటి బాగుందా తల్లీ?" అని పలకరించేవారు. మా అమ్మ పోయిన తరవాత కూడా ఆ పలకరింపు మానలేదు.

రోజూ అన్నాను కదా, నిజంగా రోజూ వచ్చేవారు. రిటైరయ్యాక మధ్యాహ్నాలే వచ్చేవారు, అప్పుడు బేరాలు ఉండవు. కొట్లో పరుపు అంచున కూర్చుని, చేతికి అందిన గుడ్డ ముక్కతో కళ్ళజోడు తుడిచి, టీ సాసర్లో పోసుకుని తాగి, అప్పుడు కథ మొదలుపెట్టేవారు. మా అమ్మాయి అప్పటికి బడి పిల్ల. బడి లేని రోజున ఆయన మోకాలికి ఆనుకుని కూర్చునేది. కథ ఏనాడూ ఒక్క మధ్యాహ్నంలో పూర్తి చేసేవారు కాదు. మధ్యలో ఎవరైనా ధర అడిగితే కోపం వచ్చేది. అది నా కొట్టన్న సంగతి ఆయనకి గుర్తుండేది కాదు.

ఒకసారి అకిలీసు కథ చెబుతున్నారు. తల్లి అతన్ని మడమ పట్టుకుని పవిత్ర నదిలో ముంచింది, ఒళ్ళంతా వజ్రమైంది, తడవని మడమ ఒక్కటీ మెత్తగా ఉండిపోయింది, చివరికి ట్రాయి అనే ఊరి దగ్గర యుద్ధంలో బాణం అక్కడే తగిలింది. మన దుర్యోధనుడి తొడ లాగన్నమాట. తువ్వాళ్ళు కొనడానికి వచ్చిన రైతు ఒకడు అంతా విని, "అదేటి మాష్టారూ, నారు కట్ట కడిగినప్పుడు ఇటు పట్టుకొని ఓపాలి, అటు పట్టుకొని ఓపాలి ముంచమేటి? ఆ తల్లికి ఆపాటి తెలీదా?" అన్నాడు. మాష్టారు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. తరవాత ఎన్నోసార్లు, "ఆడు గానీ ఆ ఏటి ఒడ్డున ఉంటే ట్రాయి యుద్ధమే మారిపోను," అనేవారు.

ఇంకోసారి పొందూరు నుంచి నూలు వడికే ముసలామె వచ్చింది. అరాక్నీ అనే పిల్ల నేతలో ఎథీనాతోనే పందెం కట్టి, దేవత కంటే బాగా నేస్తే, దేవతకి కోపం వచ్చి ఆ పిల్లని సాలెపురుగు చేసేసిందని మాష్టారు చెప్పారు. ముసలామె లేచి వీధిలోకి వెళ్ళి, గుమ్మం మీది బొమ్మకి వేలు చూపించి, "ఆ గుంట బాగా నేస్తే బాగుందనాల. అంతే గానీ పురుగుని సేసీడమేటమ్మా? నీకిది తగునా?" అని గట్టిగానే అడిగింది. మా అమ్మాయి నవ్వలేదు. ముసలామె పక్కకి వెళ్ళి నిలబడి, తనూ ఆ బొమ్మ వంక కోపంగా చూసింది. మాష్టారు నా వైపు వంగి, "సావుకారూ, ఈ పిల్లని సదువు మాన్పించీకండి," అన్నారు. ఆ మాట నేను మరిచిపోలేదు.

ఒక ఆదివారం మా ఇద్దర్నీ శ్రీముఖలింగం తీసుకెళ్ళారు. అక్కడ స్వామి ఇప్పచెట్టులోంచి వెలిశాడని మన పెద్దలు చెప్పే కథ మీకు తెలిసిందే. శబరుల దొర చెట్టు నరికితే లోపల్నుంచి స్వామి ముఖం కనిపించిందంటారు. దర్శనం అయ్యాక ఏటి ఒడ్డున పులిహోర తింటూ మాష్టారు గ్రీకుల కథ చెప్పారు. వాళ్ళకీ చెట్టు చెట్టుకీ ఒక దేవకన్య ఉంటుందట. ఒకడు మాట వినకుండా అలాంటి చెట్టు నరికితే నెత్తురు కారిందట. వాడికి తీరని ఆకలి శాపం పట్టుకుందట. మా అమ్మాయి ముద్ద నోట్లో పెట్టుకోకుండా అడిగింది.

"మాష్టారూ, అయితే మన ఇప్పసెట్టుకీ ఆ సెట్టుకీ సుట్టరికమా?"

"తెలీదే అమ్మా. పోలిక ఉన్నాది గదాని సుట్టరికం కలిపీకూడదు. ఏ దారంట వొచ్చినాదో, ఎవురు మోసుకొచ్చినారో సూపించాల. దారి సూపించలేకపోతే, పోలిక ఉన్నాది అని సెప్పి ఊరుకోవాల."

మరి మా గుమ్మం మీది తల్లో? ఆవిడ ఎథీనాయే, అందులో అనుమానం లేదు. ఏ దారిన నరసన్నపేట వచ్చింది? బరంపురం మేస్త్రీకి ఆవిడ ముఖం ఎవరు చూపించారు? ఇదే మాష్టారి ప్రశ్న. దొరల బంగళాల మీద చూసి ఉంటాడేమో అని కొన్నాళ్ళు అనుకున్నారు. విజయనగరం వెళ్ళినప్పుడల్లా పాత భవనాల స్తంభాల కింద తలెత్తుకుని తిరిగేవారు. స్తంభాల మీద రోమువాళ్ళు చెక్కే తీరు ఆకులు ఉన్నాయి, రెక్కల పిల్లలు ఉన్నారు, ఈటెతో గుడ్లగూబతో ఉన్న ఈవిడ మాత్రం ఎక్కడా లేదు. పెద్ద చదువుకి వెళ్ళి ఇలాంటివి వెతకాలని ఆయనకి కుర్రతనంలో ఉండేదట. తమ్ముళ్ళని చదివించాలని ఉద్యోగంలో చేరిపోయారు. ఆ మాట ఒక్కసారే చెప్పారు, అదీ కళ్ళజోడు తుడుచుకుంటూ. "నాకు కథ తెలుసు గానీ దారి తెలీదు. అది నువ్వు కనిపెట్టాలే," అని మా అమ్మాయితో అన్నారు.

అది ఆ దారే పట్టింది. విజయనగరంలో చరిత్ర చదివింది, విశాఖపట్నంలో పై చదువులకి చేరింది. మా వాళ్ళు ఊరుకుంటారా? "గ్రీకు దేవుళ్ళని సదివితే ఏటొస్తాది? ఆళ్ళేమైనా ఉద్యోగమిస్తారేటి?" అని నా తోడల్లుడు పెళ్ళి పందిట్లో అందరి ముందూ అన్నాడు. పక్కనే భోంచేస్తున్న మాష్టారు విస్తట్లోంచి తల ఎత్తకుండానే, "ఆళ్ళ జతగాళ్ళు రోమోల దేవుళ్ళ పేర్లే గదా బాబూ నీ గోడ కేలండర్లో నెలలకున్నాయి. జనవరి ఎవుడనుకున్నావు? రెండు మొహాల దేవుడు. నీ జీతం ఆ దేవుళ్ళ లెక్కనే వొస్తాది," అన్నారు. బంతి బంతంతా నవ్వింది.

జవాబు నిరుటి వానాకాలంలో దొరికింది. పార్వతీపురంలో ఒక పాత బట్టల వర్తకుల ఇంటికి మా అమ్మాయి బొమ్మలు చూడ్డానికి వెళ్ళింది. వాళ్ళ దేవుడి గూట్లో వేంకటేశ్వరస్వామి పక్కన, సరస్వతి పక్కన, అద్దం కట్టించిన ఒక చిన్న రంగుల బొమ్మ. పసుపూ కుంకుమా అద్దానికి అట్టలు కట్టేశాయి. తుడిచి చూస్తే మా గుమ్మం మీది తల్లి! అదే ఈటె, అదే డాలు, అదే గుడ్లగూబ, తల కూడా అదే పక్కకి తిప్పి ఉంది. కింద ఇంగ్లండులోని మిల్లు పేరు. పూర్వం అక్కణ్ణుంచి ఓడల్లో గుడ్డ వచ్చేటప్పుడు బేళ్ళ మీద, అంటే ఆ మూటల మీద, ఇలాంటి బొమ్మలు అంటించేవారట. నేతకి దేవత కదా, ఆ మిల్లువాడు ఆవిణ్ణి పెట్టుకున్నాడు. ఇక్కడి వర్తకులు గుడ్డ అమ్ముకుని, బొమ్మని లక్ష్మి అనుకుని దాచుకున్నారు. మా తాతా అలాగే దాచుకుని ఉంటాడు. అదే మేస్త్రీకి చూపించి ఉంటాడు. దొరలూ కాదు, బంగళాలూ కాదు. మా గుడ్డల మూట మీద కూర్చుని వచ్చింది!

ఆ రాత్రే ఫోనులో చెప్పింది. వెంటనే మాష్టారికి చెప్పేద్దాం అన్నాను. "ఒద్దు నానా, పుస్తకం బైండు సేసి ఆ పేజీ తీసి ఆయన సేతిలో పెడతాను. ఆయన మొగం సూడాల నాను," అంది. నాకూ ఆ ముఖం చూడాలనిపించింది. ప్రొఫెసర్లు ఎదురుగా అడిగే ఆ పరీక్ష, వైవా అంటారు, ఒకసారి వాయిదా పడింది. ఆ వాయిదా రోజుల్లో కూడా మాష్టారు కొట్టుకి వచ్చారు, టీ తాగారు, పైకి చూసి ఆ తల్లిని పలకరించారు. నేను చిన్నపిల్లాడిలా లోలోపల మురిసిపోతూ, పెదవి బిగపట్టుకుని కూర్చున్నాను.

ఆ రోజు సాయంత్రం కాకముందే పాడె లేపారు. మాష్టారి అబ్బాయి విజయనగరం నుంచి వచ్చేశాడు. మా అమ్మాయి బస్సులో ఉండగానే ఫోనులో సంగతి చెప్పాను. "నానా, దింపుడు కళ్ళం కాడికి అందుకుంటాను. ఆళ్ళని ఆపు," అంది. పాడెని శ్మశానానికి తీసుకెళుతూ దారిలో ఒకచోట దించుతాం కదా. ప్రాణం ఏ మూలైనా ఉంటే తిరిగొస్తుందేమో అని, కొడుకు చెవిలో మూడుసార్లు పిలుస్తాడు. మా ఊళ్ళో ఆ చోటు హైవే దాటాక కాలవ గట్టు మీద ఉంది.

గట్టు మీద దించారు. అబ్బాయి వంగి, "నానా, నానా, నానా," అని పిలిచాడు. అప్పుడే హైవే మీద బస్సు ఆగింది. మా అమ్మాయి దిగి పట్టుచీరతో, పుస్తకం గుండెకి పట్టుకుని, జోళ్ళు చేత్తో పట్టుకుని పొలం గట్టు మీంచి పరుగెత్తుకొచ్చింది. ఊరి పెద్ద ఒకాయన అడ్డం వచ్చాడు.

"ఏటమ్మా ఇది? అయినోలే పిలవాల. అందులోనూ ఆడపిల్లవి."

మాష్టారి అబ్బాయి తల ఎత్తాడు. "ఆగు మావా. పొద్దున్న నాన్న అడిగినాడట, దీని పరీచ్చ ఎన్నింటికని. అడిగినోడికి జవాబు సెప్పనీ," అన్నాడు.

మా అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుంది. డాక్టరేటు మాట ఎత్తలేదు. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, "మాష్టారూ, దారి దొరికినాది. గుడ్డల బేలు మీద బొమ్మండి. ఓడలో వొచ్చినాది. మా తాతలే మోసుకొచ్చినారు," అంది. మొదటిసారి మెల్లగా చెప్పింది. రెండోసారి కాస్త గట్టిగా చెప్పింది. మూడోసారి గొంతు పగిలిపోయింది, గట్టు మీద ఉన్నవాళ్ళందరికీ వినిపించింది. తరవాత పుస్తకంలో ఆ పేజీ తెరిచి ఆయన ముఖం ముందు పట్టుకుంది. అందరం ఆ ముఖాన్నే చూశాం. ఏమో, ఆ పిలుపుకి కళ్ళు తెరుస్తారేమో అని ఎవరు చూడరు?

పూర్వం రోములో కూడా పోయినవాళ్ళని పేరు పెట్టి పిలిచేవారని మాష్టారే మా అమ్మ పోయినప్పుడు చెప్పారు. దానికీ మన దింపుడు కళ్ళానికీ దారి ఉందో లేదో నాకు తెలియదు. పోలిక ఉంది అని చెప్పి ఊరుకుంటాను, ఆయన నేర్పినట్టే.

మాష్టారి కర్మలు అయ్యేదాకా మా చుట్టాల్లో ఎవరికీ కబురు చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలి. ఎంత మందికి చెప్పాలో! టెక్కలిలో మా మేనమామ కొడుకులకి చెప్పాలి, వాళ్ళు ఫోనులోనే ఈలలు వేస్తారు. పాలకొండలో మా పెద్ద బావకి చెప్పాలి, ఆయన ఇవాళే బయల్దేరతానంటాడు, ఆపాలి. పందిట్లో అందరి ముందూ అన్న మా తోడల్లుడికి నేనే స్వయంగా, నిదానంగా, మాట మాటా విడదీసి చెప్పాలి. బొబ్బిలిలో మా చిన్నత్తకి, రాజాంలో పిన్ని కూతుళ్ళకి, బరంపురంలో స్థిరపడ్డ మా తమ్ముడికి చెప్పాలి. చీపురుపల్లిలో మా పెద్దప్పకి ఫోను చేస్తే లాభం లేదు, ఆవిడకి చెవులు వినబడవు. ఆమదాలవలసలో రైలెక్కి వెళ్ళి, పక్కన కూర్చుని, చెవిలో నోరు పెట్టి చెప్పాలి. మొదటిసారికి "ఏటీ?" అంటుంది. రెండోసారికి "ఏటంతన్నావురా?" అంటుంది. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ చెబుతాను.